ఊఁ కొట్టేవారు లేని పాఠం

ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఏటా వేసవిలో ఒక ప్రత్యేకమైన సందడి ఉంటుంది. డిగ్రీ విద్యార్థులు సెలవులకు ఇళ్లకు వెళ్లిపోగానే, శరదృతువులో పీజీ కోర్సుల్లో చేరాల్సిన విదేశీ విద్యార్థులు కొన్ని వారాల ముందే వచ్చి వాలతారు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఇంగ్లిష్ వ్యాసం రాయడం, చర్చలో నోరు విప్పడం నేర్పే ప్రీ సెషనల్ తరగతులవి. 2020 వేసవిలో మాత్రం వైట్‌నైట్స్ ప్రాంగణంలోని సరస్సులో బాతులున్నాయి, గట్టు మీద మనుషుల్లేరు. బ్రిటన్‌లో మార్చి 20న బడులు మూతపడ్డాయి. 23న లాక్‌డౌన్ ప్రకటించారు. ఇంగ్లిష్ చెప్పే అధ్యాపకులు వంటింటి బల్లల దగ్గరికీ, పడకగది మూలలకీ మారిపోయారు. రీడింగ్‌లో ఉదయం తొమ్మిదైతే బీజింగ్‌లో సాయంత్రం నాలుగు, హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర. పాఠం మొదలవుతుంది. తెర నిండా నల్లటి గడులు, ఒక్కో గడిలో ఒక పేరు. అధ్యాపకురాలు ప్రశ్న వేస్తుంది. ఎవరూ పలకరు. మళ్లీ అడుగుతుంది. ఏదో మూల నుంచి ఒక బొటనవేలి బొమ్మ లేచి మాయమవుతుంది.

ఆ బొటనవేలు ఏం చెప్పింది? అర్థమైందనా, వినిపిస్తోందనా, ఇంక వదిలేయండి అనా?

ఇది ఇంటర్నెట్ వేగానికి సంబంధించిన ఇబ్బంది అనుకుని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ నెలల్లో భాషా ఉపాధ్యాయులను నలిపిన బాధకు వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. చెప్పేవాడికి వినేవాడి నుంచి ఏదైనా ఆశించే హక్కు ఉందా? ఎవరూ బదులు పలకకపోతే చెప్పింది పాఠమేనా? ముఖాలు కనిపించలేదని కలిగిన దిగులు విద్యార్థుల కోసమా, తన కోసమా?

భాష నేర్చుకునేవాడి భయాల్ని కొలిచే పని ఎప్పుడో మొదలైంది. 1986లో ఎలేన్ హార్విట్జ్, ఆమె సహచరులు తరగతిలో విదేశీ భాష మాట్లాడేటప్పుడు కలిగే ఆందోళనను కొలవడానికి 33 వాక్యాల కొలబద్ద తయారుచేశారు. నేర్పేవాడికీ భయం ఉంటుందని ఆమే ప్రత్యేకంగా రాయడానికి మరో పదేళ్లు పట్టింది. కోవిడ్ వచ్చాక ఆ లోటు ఒక్కసారిగా కంటపడింది. పీటర్ మెకింటైర్, టామీ గ్రెగర్‌సెన్, సారా మెర్సర్ 2020లోనే ఆరు వందల మందికి పైగా భాషా ఉపాధ్యాయులను అడిగి, ఎవరు ఎలా తట్టుకుంటున్నారో చూశారు. పనిభారం, ఇంటికీ ఉద్యోగానికీ మధ్య గీత చెరిగిపోవడం వాళ్లను పీడించిన వాటిలో ఉన్నాయి. సమస్యను ఎదుర్కొని ఏదో ఒకటి చేసినవాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నారు, మొహం చాటేసినవాళ్లు మరింత కుంగారు.

మరి ఆ పనిభారంలో నవ్వు కూడా ఒక భాగం. విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లను గమనించిన ఆర్లీ హోక్‌షీల్డ్, నవ్వు కూడా జీతానికి చేసే చాకిరీయేనని 1983లో రాసింది. భాషా ఉపాధ్యాయులది అచ్చంగా ఆ కోవే. తప్పు మాట్లాడిన కుర్రాడు సిగ్గుతో ముడుచుకుపోకుండా నవ్వాలి, సగంలో ఆగిపోయిన వాక్యాన్ని కళ్లతో ముందుకు తొయ్యాలి. తెర వచ్చాక ఆ నవ్వుకు అవతల మనిషి కనిపించడు. పైగా స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించినట్టు, గంటల తరబడి తన ముఖం తనకే కనిపిస్తూ ఉండడం జూమ్ అలసటకు ఒక కారణం. తన నవ్వును తానే చూసుకుంటూ నవ్వడం ఎంత కష్టమో పెళ్లి ఫొటోలకు నిలబడ్డవాళ్లందరికీ తెలుసు.

అసలు నష్టం దీనికన్నా సూక్ష్మమైంది. దాన్ని మిల్లీసెకన్లలో కొలవాలి. తాన్యా స్టివర్స్ బృందం 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూసింది. ఒకరు ఆపడానికీ మరొకరు అందుకోవడానికీ మధ్య విరామం భాషను బట్టి కొంచెం మారినా, సగటున ఒక సెకనులో అయిదో వంతు దగ్గరే తిరుగుతుంది. అంటే ఎదుటివాడు వాక్యం పూర్తి చేయకముందే మన జవాబు నోట్లో తయారవుతూ ఉంటుంది. మాట్లాడడమంటే ఇంత బిగువైన తాళం. ఆన్‌లైన్‌లో ఆ తాళం తప్పుతుంది. ఆలస్యం తీగలోదైనా, మనసు మాత్రం దాన్ని మనిషికి అంటగడుతుంది. జర్మనీలో కత్రిన్ షోనెన్‌బెర్గ్ బృందం 2014లో దీన్నే పరీక్షించింది. లైన్‌లో జాప్యం పెరిగినకొద్దీ అవతలివాళ్లు శ్రద్ధ లేనివాళ్లుగా, స్నేహం లేనివాళ్లుగా అనిపించారు. కేబుల్ చేసిన తప్పుకు కుర్రాడి గుణం మీద మార్కులు పడ్డాయన్నమాట. 2020లో ఎంతమంది ఉపాధ్యాయులు ఎంతమంది పిల్లల్ని ఇలా అన్యాయంగా తిట్టుకున్నారో లెక్క తేలదు.

తెలుగువాళ్లకు ఈ సంగతి శాస్త్రవేత్తలు చెప్పకముందే తెలుసు. అమ్మమ్మ కథ చెబుతుంటే మనవడు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. బుర్రకథలో ఈ ఏర్పాటు కళలోనే కలిసిపోయింది. మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు చెప్పేదాన్ని వాళ్లు అందుకుంటారు, అడ్డుతగులుతారు, అనుమానాలు అడుగుతారు. అందుకే షేక్ నాజర్ లాంటివాళ్ల కళ ఊరి నడిబొడ్డు నుంచి రేడియో స్టూడియోకి వెళ్లినా చచ్చిపోలేదు. జనం ఎదురుగా లేకపోయినా, వినేవాడిని కథకుడు తన వెంటే తీసుకెళ్లాడు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పిల్లల కార్యక్రమాల్లో చేసిందీ ఇంచుమించు అదే. స్టూడియోలో పిల్లలుండేవారు, వాళ్ల నవ్వులూ వాళ్ల ప్రశ్నలూ గాలిలోకి వెళ్లేవి. దూరంగా ఎక్కడో రేడియో ముందు కూర్చున్న పిల్లవాడి తరఫున ఆ పిల్లలే ఊఁ కొట్టారు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు ఈ పాత కిటుకు ఎవరికీ గుర్తుకు రాకపోవడం విచిత్రం. తెలుగు వాచకం చెబుతున్న ఉపాధ్యాయుడికి నల్ల గడులు కూడా లేవు. కెమెరా కన్ను ఒక్కటే ఉంది.

ఇలా కుంగిపోయినవారికి మన దేశంలో సిద్ధంగా దొరికే ఓదార్పు భగవద్గీత రెండో అధ్యాయం. పని చేయడం వరకే నీ అధికారం, ఫలం సంగతి నీది కాదు. పిల్లలు విన్నారా లేదా అని బాధపడడం ఆసక్తి, అంటే అంటిపెట్టుకోవడం. పాఠం చెప్పి, మూత పెట్టి లేవడమే నిష్కామ కర్మ. ఆ నెలల్లో టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఎన్ని రూపాల్లో తిరిగిందో చెప్పనక్కర్లేదు. వినడానికి ఉదాత్తంగానే ఉంటుంది.

కానీ ఈ ఓదార్పు భాషా ఉపాధ్యాయుడికి అతకదు. ఫలం అనేది పని ముగిశాక వచ్చేది. రైతు విత్తనం వేయడం కర్మ, పంట ఫలం. సంభాషణ నేర్పేవాడికి విద్యార్థి జవాబు పంట కాదు, పనిలో సగం. భౌతికశాస్త్రం చెప్పేవాడు ఆఖరికి రికార్డు చేసిన పాఠంతోనైనా నెట్టుకు రావచ్చు. న్యూటన్ సూత్రం ఎవరూ పలకకపోయినా న్యూటన్ సూత్రమే. కానీ "మీ పేరేమిటి?" అని అడిగి ఊరుకుంటే అది భాష కాదు, సగం భాష. కాబట్టి ఆ ఉపాధ్యాయుడి దిగులును మోహం కింద జమకట్టడం పొరపాటు. పని పూర్తి కాలేదని అతనికి అందిన సమాచారమది.

ఇందుకు సాక్ష్యం గీతలోనే ఉంది. నిష్కామ కర్మ బోధించిన కృష్ణుడు పద్దెనిమిదో అధ్యాయం చివర అర్జునుణ్ణి అడుగుతాడు: మనసు పెట్టి విన్నావా, నీ అజ్ఞానం, నీ మోహం పోయాయా అని. అర్జునుడు నోరు విప్పి జవాబు చెప్పాకే ఆ సంభాషణ ముగుస్తుంది. మధ్యలో మూడో అధ్యాయం మొదట్లోనే అర్జునుడు, నువ్వు చెప్పేది గందరగోళంగా ఉంది, ఏదో ఒకటి తేల్చి చెప్పు అని నిష్ఠూరమాడతాడు. అతను మ్యూట్‌లో ఉండి ఉంటే గీత రెండో అధ్యాయంతోనే ముగిసేది.

మ్యూట్‌లో ఉన్నవాడు ఒకడున్నాడు. ధృతరాష్ట్రుడు. గీత మొత్తంలో అతను పలికేది మొదటి శ్లోకం ఒక్కటే. నావాళ్లూ పాండవులూ యుద్ధభూమిలో ఏం చేశారని అడుగుతాడు, ఆ తర్వాత గీతలో మరి అతని గొంతు వినపడదు. సంజయుడు మాత్రం చెబుతూనే ఉంటాడు. కృష్ణుడి మాటలు దూరం నుంచే అందుకున్న సంజయుడికి వాటిని తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరించింది. ఆ మాటలే సంజయుడి పక్కనే కూర్చుని విన్న రాజుకు పులకరింత వచ్చిన దాఖలా లేదు. దూరం ఉన్నచోట అనుభవం అందింది, దగ్గరితనం ఉన్నచోట అందలేదు. దూరమే దోషి అని తేల్చేసేవాళ్లు ఈ ఇద్దరి గురించీ ఆలోచించాలి.

అమెరికన్ తాత్వికుడు హ్యూబర్ట్ డ్రైఫస్ సరిగ్గా అలాగే తేల్చాడు. 2001లో ఇంటర్నెట్ మీద రాసిన చిన్న పుస్తకంలో, శరీరం పక్కనపెట్టి చేసే చదువులో నైపుణ్యం ఒక మెట్టు దాటి పైకి రాదన్నాడు. పదిమంది ముందు తప్పు మాట్లాడి నగుబాటయ్యే ప్రమాదం లేనిచోట నేర్చుకునేవాడు పణంగా పెట్టేదేమీ ఉండదన్నది అతని వాదన. భాషా తరగతికి ఇది అతికినట్టు సరిపోతుంది కూడా. అయితే కొన్నేళ్లకే బర్క్‌లీలో అతను హైడెగ్గర్ మీద చెప్పిన పాఠాల ఆడియో ఇంటర్నెట్‌లో పెట్టగా, ముక్కూమొహం తెలియని జనం ఎక్కడెక్కడి నుంచో వాటిని వెతుక్కుని విన్నారు. తత్వశాస్త్రానికి ఇలాంటి పరిహాసాలు కొత్త కాదు. రాత మీద సోక్రటీసు చేసిన ఫిర్యాదు ఏమిటంటే, రాసిన మాటను ప్రశ్నిస్తే అది బదులు చెప్పదని, అన్నదే అంటుందని. ఆ ఫిర్యాదు మనదాకా వచ్చింది ప్లేటో దాన్ని రాసిపెట్టబట్టే.

ఇక కెమెరా గొడవ. ముఖం చూపించండి అని అడగడం న్యాయమేనా? కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ కాస్టెల్లి, మార్క్ సర్వరీ తమ విద్యార్థులను అడిగితే, కెమెరా ఆపడానికి వాళ్లు ఎక్కువగా చెప్పిన కారణం తాము ఎలా కనిపిస్తామో అన్న బెరుకు. వెనకాల ఇంట్లోవాళ్లు కనిపిస్తారని, గది కనిపిస్తుందని, నెట్ సరిగ్గా రాదని కూడా చెప్పారు. ఒకే గదిలో నలుగురు ఉండే ఇంట్లోంచి పాఠం వినే పిల్లకు కెమెరా వేయమనడం ఇంటి తలుపు తీయమనడమే. ఎదుటివాడి ముఖం మన మీద బాధ్యత మోపుతుందని జీవితమంతా రాసిన ఇమ్మాన్యుయెల్ లెవినాస్ కూడా, ముఖమంటే కళ్ల రంగు, ముక్కు తీరు కాదని తేల్చి చెప్పాడు. అసలు ఎదుటివాడి కళ్ల రంగు గమనించకపోవడమే అతన్ని కలుసుకునే మంచి పద్ధతి అనేంతవరకు వెళ్లాడు. కాబట్టి ఉపాధ్యాయురాలికి బదులు కావాలి, నిజమే. బదులు కోసం ముఖాన్ని డిమాండు చేసే హక్కు మాత్రం దాంతోపాటు రాదు.

ఆ బదులు గొంతులోంచే రావాలని కూడా లేదు. రీడింగ్ ఊళ్లోనే దీనికి తొమ్మిది వందల ఏళ్ల నాటి తార్కాణం కనిపిస్తుంది. 1121లో మొదటి హెన్రీ రాజు స్థాపించిన రీడింగ్ అబీకి తొలి సన్యాసులు ఫ్రాన్స్‌లోని క్లూనీ నుంచీ, దాని అనుబంధ మఠమైన లూయిస్ నుంచీ వచ్చారు. క్లూనీ సంప్రదాయంలో మౌనం ముఖ్య వ్రతం. మాట్లాడకూడని వేళల్లో, చోట్లలో వాళ్లు చేతి సంజ్ఞలు వాడేవారు. ఆ సంజ్ఞలకు పెద్ద పట్టికలే ఉండేవి. చేప కావాలంటే అరచేతిని నీటిలో తోకలా ఆడించాలి. మౌనాన్ని కోరి ఎంచుకున్నవాళ్లే బదులు లేకుండా బతకలేకపోయారు. బొటనవేలి బొమ్మను చూసి చిరాకుపడే ఉపాధ్యాయులకు ఈ పట్టికలు చూపించాలి.

అబీ శిథిలాల పక్కనే ఒకప్పటి రీడింగ్ జైలు ఉంది. 1844లో తెరిచిన ఈ జైలు లండన్‌లోని పెంటన్‌విల్ నమూనాలో, వేరువేరుగా ఉంచే పద్ధతి మీద నడిచింది. ఖైదీని ఒంటరి గదిలో పెట్టి, తోటివాళ్ల ముఖం చూడనివ్వకుండా, బైబిల్ చేతికిస్తే పశ్చాత్తాపం దానంతట అదే పుడుతుందన్నది ఆ సిద్ధాంతం. జైలు ప్రార్థనా గురువు జాన్ ఫీల్డ్ దీనికి గొప్ప సమర్థకుడు, ఆ పద్ధతి లాభాల మీద పుస్తకమే రాశాడు. ఇలాంటి జైళ్ల ప్రార్థనా మందిరాల్లో ఖైదీలకు విడివిడి గూళ్లు కట్టేవారు. లింకన్ కోటలో అలాంటిది ఇప్పటికీ ఉంది. గూట్లో నిలబడ్డవాడికి బోధకుడు కనిపిస్తాడు, పక్కవాడు కనిపించడు. బోధకుడికి గూళ్ల వరసలు కనిపిస్తాయి. 2020లో జూమ్ గడుల ముందు కూర్చున్నవాళ్లు ఆ మందిరం ఫొటో చూస్తే ఉలిక్కిపడతారు. ఆ పద్ధతి మనుషుల్ని మార్చకపోగా పిచ్చెక్కించిందని తర్వాతి కాలం విమర్శించింది. 1895 నవంబరులో ఇక్కడికి తెచ్చిన ఆస్కార్ వైల్డ్ 1897 మొదటి నెలల్లో ఈ జైల్లోనే సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. దాన్ని పంపడానికి అనుమతి రాలేదు, మే నెలలో విడుదలైనప్పుడు కాగితాల కట్ట చేతికిచ్చారు. తర్వాత 'డి ప్రొఫండిస్' పేరుతో లోకం చదివిన ఆ ఉత్తరం, రాసినన్నాళ్లూ, ఊఁ కొట్టేవాడు లేని సంభాషణ.

ఒకే గోడకు అటూ ఇటూ రెండు మౌనాలు. అబీలోది కోరుకున్నది, జైల్లోది విధించింది. నల్ల గడిలోని విద్యార్థిది ఏ మౌనం? ఉపాధ్యాయులను తొలిచింది ఇది తెలియకపోవడమే. ఈ సందేహం కోవిడ్‌తో పుట్టలేదు. జిమ్ కింగ్ అనే పరిశోధకుడు జపాన్‌లో తొమ్మిది విశ్వవిద్యాలయాల్లో 48 గంటల ఇంగ్లిష్ తరగతులను గమనించి 2013లో ప్రచురించిన లెక్కల్లో, విద్యార్థులు తమంతట తాము మాట్లాడింది ఒక శాతం కన్నా తక్కువ. అక్కడ ముఖాలన్నీ ఎదురుగానే ఉన్నాయి. తెర వచ్చి కొత్తగా చేసిందల్లా, చూపులూ తలూపులూ కప్పిపుచ్చిన నిశ్శబ్దాన్ని బట్టబయలు చేయడం. కొంతమంది నోరు లేని పిల్లలు చాట్ పెట్టెలో మొదటిసారి పొడుగాటి వాక్యాలు రాశారు కూడా. అది గుర్తించిన ఉపాధ్యాయులకు ఆ ఏడాది పూర్తిగా చేదుగా మిగల్లేదు.

రీడింగ్ చుట్టుపక్కల, థేమ్స్ వ్యాలీ పార్క్‌లోనూ గ్రీన్ పార్క్‌లోనూ ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇలాంటి ఊళ్లలో వారాంతపు తెలుగు బడులు నడిపేది చాలావరకు జీతం లేని తల్లిదండ్రులే. తరగతులు తెర మీదికి మారాక వాళ్ల కష్టం వేరు. అక్షరాలు దిద్దించవచ్చు, పద్యం వల్లె వేయించడం కుదరదు. పదిమంది పిల్లలు కలిసి పలికితే జూమ్ ఒక గొంతును పైకి తెచ్చి మిగతావాటిని మింగేస్తుంది, మిగిలినవి తలో క్షణం ఆలస్యంగా వస్తాయి. వల్లె వేయడమే ఆయువుపట్టైన చదువు, ఒక్కొక్కరూ వంతులవారీగా అప్పజెప్పే పరీక్షగా మారిపోయింది. లకారానికీ ళకారానికీ తేడా చెప్పడానికి నాలుక ఎలా మడతపడుతుందో చూపించాలి, చూపిస్తే తెర మీద అది కోతి చేష్టలా కనిపించి పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వితే నయం. కనీసం ఉన్నారని తెలుస్తుంది. అనుకోని లాభం ఒకటి వచ్చింది: గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న నాయనమ్మలు ఫోన్‌లో అదే తరగతికి వచ్చి కూర్చున్నారు. ళ పలకడం రాని మనవరాలికి వంత పాడారు.

ఇప్పుడు ఎదురు ప్రశ్న ఒకటి వచ్చింది. అలుపు లేకుండా, పెద్దగా ఆలస్యం చేయకుండా బదులిచ్చే కృత్రిమ మేధ యంత్రాలు భాషా తరగతిలోకి వచ్చేశాయి. బదులే పనిలో సగమైతే, ఆ సగాన్ని యంత్రం ఇంత శ్రద్ధగా అందిస్తుంటే ఇక లోటేమిటి? అమ్మమ్మ కథకు తిరిగి వెళ్తే, మనవడి ఊఁకు విలువ ఎక్కడిది? వాడు నిద్రపోయే వీలుంది కాబట్టి. విసిగి లేచిపోయే వీలుంది కాబట్టి. వీలుండీ పోకుండా ఊఁ అన్నాడు. యంత్రానికి పోవడానికి చోటు లేదు. డ్రైఫస్ చెప్పిన నగుబాటు ప్రమాదం అవతలివైపు నుంచి కూడా ఉండాలేమో. అయినా దాని ముందు సిగ్గుపడక పలికి పలికి నాలుక తిరిగిన పిల్లలూ ఉన్నారు, వాళ్ల లాభాన్ని తత్వం పేరు చెప్పి కాదనడం అహంకారం.

ఈలోగా కొన్ని తెలుగు తరగతులు తెర మీదే ఉండిపోయాయి. కుటుంబాలు తలో మూలా ఉండడం, వారాంతంలో కారు తీయడానికి బద్ధకం. ఆ తరగతుల్లో నిబంధనలు మెల్లగా మారాయి. కెమెరా వేయడం పిల్లల ఇష్టం. కానీ పేరు పిలిస్తే ఏదో ఒకటి పలకాలి, మాటతోనో, చాట్‌లోనో, ఒక అక్షరం రాసిన కాగితం చూపించో. "తెలీదు టీచర్" అన్నా సరే. అక్కడినుంచి పాఠం ముందుకు కదులుతుంది.